వేట నిషేధంలో బోటు బ్యాటరీ: పడవలోనే ఉంచాలా, ఇంటికి తేవాలా, దేంతో ఛార్జి చేయాలి?

తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు. నిజాంపట్నం, మచిలీపట్నం, కాకినాడ, విశాఖ, ఎక్కడ చూసినా మరబోట్లన్నీ జెట్టీకి చేరతాయి. వలలు బాగు చేసుకుంటారు, పడవ అడుగు గీకి రంగు వేయిస్తారు, ఇంజిన్ ఆయిల్ మారుస్తారు. బ్యాటరీ మాత్రం జూన్ 14 రాత్రి సెల్ఫ్ కొట్టేదాకా చాలామందికి గుర్తు రాదు. అప్పుడు టక్, టక్ మని చప్పుడు వస్తుందే తప్ప ఇంజిన్ కదలదు. బ్యాటరీ సీజన్‌లో పని చేసి అరిగిన దానికంటే ఆ రెండు నెలలు ఖాళీగా పడి ఉండి చెడిపోవడమే ఎక్కువ.

ముందే తేల్చి చెబుతాం. ఇద్దరు మోయగలిగిన బ్యాటరీ అయితే ఇంటికి తెచ్చి నీడలో పెట్టి, మూడు వారాలకోసారి తనంతట తాను ఆగే ఛార్జర్‌తో నిండుగా ఎక్కించడం అన్నిటికన్నా మంచిది. మోయలేనిదైతే, లేదా పడవ నీళ్లలోనే ఉండి అందులో అడుగున చేరే నీళ్లను తోడే ఆటోమేటిక్ నీటి పంపు ఉంటే, చిన్న సోలార్ ప్యానెల్ మేలు. మిగతా దారులు ఎవరికి పనికొస్తాయో, ఎక్కడ దెబ్బతీస్తాయో కింద చూద్దాం.

వాడకుండా ఉన్న బ్యాటరీ ఎందుకు పాడవుతుంది

తీగలన్నీ పీకేసినా లెడ్ యాసిడ్ బ్యాటరీ లోలోపల దిగుతూనే ఉంటుంది. నీళ్లు పోసే రకం కొత్తగా ఉన్నప్పుడు 27 డిగ్రీల దగ్గర నెలకు సుమారు 4–6 శాతం దిగుతుంది, పాతబడ్డాక 10 శాతం దాటినా ఆశ్చర్యం లేదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ వేగం దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో మూసిన ఇంజిన్ గదిలో ఎంత ఉక్క ఉంటుందో తెలిసిందే. అక్కడ పెట్టిన పాత బ్యాటరీ రెండు నెలల్లో మూడో వంతు దిగిపోవచ్చు.

దిగినప్పుడు ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జి చేస్తే అది కరిగిపోతుంది. వారాల తరబడి వదిలేస్తే, ఉప్పుమడిలో మెత్తటి పొర రాళ్లుప్పుగా గట్టిపడినట్టు పెద్ద పలుకులు కడుతుంది. ఆ తర్వాత ఎంత కరెంటు పంపినా మొత్తం కరగదు. ‘బ్యాటరీ ఎక్కడం లేదు’ అని మనం అనేది ఈ స్థితినే.

దీనికి తోడు దొంగ లోడు ఒకటుంటుంది. మెయిన్ స్విచ్ కట్టేస్తే చాలనుకుంటారు కానీ జీపీఎస్, వైర్‌లెస్ సెట్ల తీగలు చాలా పడవల్లో స్విచ్‌ను దాటి నేరుగా బ్యాటరీ బోల్టుకే బిగించి ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లు లాగే ఒక చిన్న పరికరం రోజుకు 1.2 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు వాడే కరెంటు) తింటుంది. 61 రోజులకు 73 ఏహెచ్. అంటే 100 ఏహెచ్ బ్యాటరీలో ఆ ఒక్కదానితోనే దాదాపు ముప్పావు వంతు ఖాళీ అయినట్టే. అందుకే పడవలో ఉంచినా, ఇంటికి తెచ్చినా, మొదటి పని నెగటివ్ తీగ విప్పడం. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఇంజిన్ దిమ్మ మొత్తం నెగటివ్‌కు కలిసి ఉంటుంది. పాజిటివ్ ముందు విప్పబోతే పానా జారి ఇంజిన్‌కు తగిలిన క్షణంలోనే షార్ట్ అవుతుంది. ఆ నిప్పురవ్వకు పానా కరిగి అతుక్కుపోగలదు.

మీ బ్యాటరీ ‘నిండు’ అంకె ఎంతో ముందు కనుక్కోండి

12.7 వోల్టులు ఉంటేనే నిండు ఛార్జి అని ఎక్కడ చూసినా కనిపిస్తుంది. అది 1265 గ్రావిటీ (యాసిడ్ చిక్కదనం, నీళ్లదైతే 1000) యాసిడ్‌తో వచ్చే బ్యాటరీల లెక్క. మనలాంటి వేడి ప్రాంతాల కోసం యాసిడ్ పలుచగా కలిపి 1240 గ్రావిటీతో ఇచ్చే బ్యాటరీలు చాలా ఉన్నాయి. అవి నిండుగా ఉన్నా 12.5 దగ్గరే ఆగుతాయి. ఈ తేడా తెలియక మంచి బ్యాటరీని రోజుల తరబడి ఉడికించేవాళ్లున్నారు. దిగిపోయిన 1265 బ్యాటరీ 12.5 చూపిస్తే బాగుందనుకునేవాళ్లూ ఉన్నారు.

కాబట్టి ఏప్రిల్ 15న నిండుగా ఛార్జి చేసి, ఛార్జర్ తీసి, 12 గంటలు కదపకుండా ఉంచి, మల్టీమీటర్‌తో కొలవండి. వచ్చిన అంకెను తేదీతో సహా బ్యాటరీ పక్కన మార్కర్‌తో రాయండి. అదే మీ నిండు అంకె. దానికంటే 0.2 వోల్టు తగ్గిందంటే సుమారు పావు వంతు దిగినట్టు, ఆ రోజే ఛార్జికి పెట్టాలి. ఛార్జర్ తీసిన వెంటనే కొలిస్తే 13 పైన చూపిస్తుంది, అది పైపై పొంగు, లెక్కలోకి రాదు.

మూతలున్న రకమైతే యాసిడ్ గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్లూ (బ్యాటరీ లోపలి గదులు) విడివిడిగా చూడండి. సెల్లుకూ సెల్లుకూ 30 పాయింట్ల లోపు తేడా ఉంటే ఫరవాలేదు. ఐదు సెల్లు 1240 చూపించి ఒక్కటే 1180 దగ్గర ఉండి, నిండుగా ఛార్జి చేసినా అది లేవకపోతే ఆ సెల్లు పోయింది. అలాంటి బ్యాటరీని రెండు నెలలు సాకడం దండగ. కొత్తది కొనుక్కోవడానికి జూన్ మొదటి వారం దాకా సమయం ఉంది కాబట్టి నింపాదిగా బేరమాడుకోవచ్చు.

పడవలోనే వదిలేస్తే

శ్రమ తక్కువ అన్న ఒక్క సుఖం తప్ప దీనిలో ఇంకేం లేదు. కొత్త బ్యాటరీ అయి, నిండుగా ఛార్జి చేసి, రెండు తీగలూ విప్పి, ఇంజిన్ గది మూత కాస్త తెరిచి గాలాడేలా ఉంచగలిగితే ఒక నెల గడుస్తుంది. రెండో నెలకు మధ్యలో ఒక ఛార్జి తప్పదు. మే అంటే తుపాన్ల నెల కూడా. 2010 మేలో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది, 2022 మేలో అసని మచిలీపట్నం ప్రాంతంలో దాటింది. పడవ అడుగున చేరిన ఉప్పునీరు బ్యాటరీ మూతల్లోకి వెళితే యాసిడ్‌తో కలిసి, ఛార్జి పెట్టినప్పుడు క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన గదిలో అది పీల్చితే ఊపిరితిత్తులకు ప్రమాదం. ఉప్పునీరు లోపలికి పోయిన బ్యాటరీని బాగు చేయాలని చూడకండి, పక్కన పెట్టేయండి.

ఇంటికి తెచ్చి, మూడు వారాలకోసారి ఛార్జి

100 ఏహెచ్ బ్యాటరీ 25–30 కిలోలు. 150 ఏహెచ్ ట్యూబులర్ అయితే 50 కిలోలు దాటుతుంది. కర్రకు తాడు కట్టి ఇద్దరు భుజాన వేసుకుని నిటారుగా తేవాలి. గుండెకు హత్తుకుని మోస్తే రెండు రోజుల్లో చొక్కాకు చిల్లులు పడతాయి. పక్కకు పడుకోబెట్టి ఆటోలో వేస్తే మూతల్లోంచి యాసిడ్ కారి, ఆ సెల్లు గ్రావిటీ శాశ్వతంగా తగ్గిపోతుంది.

తెచ్చాక పైభాగం కడగాలి. బ్యాటరీ మీద పేరుకున్న ఉప్పు, యాసిడ్ తడి కలిసి రెండు బోల్టుల మధ్య సన్నని దారి వేస్తాయి, ఆ దారిన కూడా ఛార్జి కారిపోతుంది. ఒక గ్లాసు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి, మూతలు బిగించి ఉన్నాయని చూసుకుని, పాత బ్రష్‌తో రుద్దండి. బుస్సుమని పొంగితే అక్కడ యాసిడ్ ఉన్నట్టు, పొంగు ఆగేదాకా రుద్దాలి. సోడా నీరు సెల్లులోకి పోనివ్వవద్దు, పోతే లోపలి యాసిడ్ బలం తగ్గుతుంది. తర్వాత మంచినీటితో కడిగి పొడి గుడ్డతో తుడవండి. టెర్మినళ్ల మీది తెల్లపొడి, చిలుము గీకేసి వాజలీన్ రాయండి.

నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందన్న మాట పాతకాలం కర్ర, రబ్బరు పెట్టెల నాటిది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు అది వర్తించదు. అయినా ఒక చెక్క వేసి దాని మీద పెట్టడం మంచిదే, యాసిడ్ కారితే గచ్చు పాడవకుండా ఉంటుంది. నీడ, గాలి ఉన్న వసారా సరైన చోటు. రేకుల షెడ్డు వద్దు, మధ్యాహ్నం అది ఇంజిన్ గదికంటే వేడెక్కుతుంది. వేసవి సెలవుల్లో పిల్లలు ఇంట్లోనే ఉంటారు కాబట్టి వాళ్ల చేతికి అందని చోట పెట్టండి, టెర్మినళ్ల మీద ప్లాస్టిక్ డబ్బా మూతలు బోర్లించండి.

ఏప్రిల్ 15న మొదటి నిండు ఛార్జి చేస్తే తర్వాతివి మే 6, మే 27, జూన్ 12 దగ్గర పడతాయి. 100 ఏహెచ్ బ్యాటరీకి ఒక్కోసారి ఒకటి, ఒకటిన్నర యూనిట్‌కు మించి కరెంటు కాలదు.

ఛార్జర్‌కు తగిలించి రెండు నెలలూ వదిలేస్తే

నిండగానే 13.2–13.8 వోల్టులకు తగ్గి అక్కడే నిలిచే ఛార్జర్ అయితే ఈ దారి బాగుంటుంది, బ్యాటరీ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. అయితే పెట్టె మీద ‘ఆటోమేటిక్’ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. కొన్నిటిలో పచ్చలైటు వెలుగుతుంది గానీ కరెంటు తగ్గదు. పచ్చలైటు వెలిగిన 12 గంటల తర్వాత బ్యాటరీ బోల్టుల మీద మల్టీమీటర్ పెట్టండి. ఇంకా 14 పైనే ఉంటే అది ఈ పనికి చెల్లదు. నీళ్లు ఎగరగొట్టి, ప్లేట్లు బయటపడేలా చేస్తుంది.

ఊళ్లో కరెంటు రోజుకు నాలుగైదుసార్లు పోయే చోట మరో చిక్కుంది. చాలా ఛార్జర్లు కరెంటు వచ్చిన ప్రతిసారీ మొదటినుంచి మొదలుపెట్టి, నిండిన బ్యాటరీనే మళ్లీ 14.4కు ఎక్కిస్తాయి. అలాంటి చోట ఎడతెగకుండా తగిలించి ఉంచేకంటే మూడు వారాలకోసారి పెట్టడమే మంచిది.

ఇంటి ఇన్వర్టర్‌కు తగిలిస్తే

చాలామందికి మొదట తట్టే ఉపాయం ఇదే. ఇన్వర్టర్ ఛార్జి చేసే తీరులో పెద్ద తప్పేమీ లేదు. చెడంతా కరెంటు పోయినప్పుడు. సెల్ఫ్ కోసం చేసిన బ్యాటరీలో ప్లేట్లు పలుచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. ఐదారు సెకన్లు వందల ఆంపియర్లు ఇవ్వడానికే అవి పనికొస్తాయి. రాత్రంతా రెండు ఫ్యాన్లు తిప్పితే ఆ ప్లేట్ల మీది పూత రాలి అడుగున చేరుతుంది. మే నెల కోతల్లో అలా ఇరవైసార్లు ఖాళీ అయిన బ్యాటరీకి జూన్‌లో ఇంజిన్ తిప్పే సత్తువ ఉండదు. ఇన్వర్టర్ సొంత బ్యాటరీకి పక్కన జోడించడం ఇంకా చెడ్డది. రెండిట్లో బలహీనమైనది రెండోదాన్ని లాగేస్తుంది. ఈ దారి వద్దు.

ఛార్జింగ్ షాపులో ఇస్తే

అక్కడ ఆరేడు బ్యాటరీలను వరుసగా కలిపి ఒకే కరెంటు పంపుతారు. మీ 150 ఏహెచ్‌కు, పక్కనున్న ఆటో బ్యాటరీకి వెళ్లే ఆంపియర్లు ఒకటే. చిన్నది ఉడుకుతుంది, పెద్దది సగమే ఎక్కుతుంది. ఇంట్లో ఛార్జర్ లేనివాళ్లకు ఇది తప్పదు. అప్పుడు మూడు మాటలు గట్టిగా చెప్పండి: ఏహెచ్‌లో పదోవంతుకు మించి ఆంపియర్లు వద్దు, రెండు గంటల ఫాస్ట్ ఛార్జి వద్దు, తీసేముందు ఆరు సెల్ల గ్రావిటీ నా ముందే చూపించాలి. సగం దిగిన 100 ఏహెచ్ బ్యాటరీకి 8 ఆంపియర్ల మీద ఏడెనిమిది గంటలు పడుతుంది. ఉదయం ఇచ్చి మధ్యాహ్నం భోజనాల వేళకు ‘అయిపోయింది’ అంటే అవలేదనే అర్థం.

సోలార్ ప్యానెల్ పెడితే

పడవ నీళ్లలోనే ఉండి బ్యాటరీ మోయడం కుదరనివాళ్లకు ఇది సరైన దారి. 12 వోల్టుల 20 వాట్ల ప్యానెల్ ఎండ రోజున 4–5 ఏహెచ్ ఇస్తుంది. 150 ఏహెచ్ బ్యాటరీ తనంతట తాను దిగేది రోజుకు ఒక ఏహెచ్ లోపే. మిగిలినది ఆటోమేటిక్ నీటి పంపు అప్పుడప్పుడు తిరగడానికి చాలుతుంది. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య, నిండగానే ఛార్జి తగ్గించే కంట్రోలర్ తప్పనిసరి. ప్యానెల్ తీగలు నేరుగా కలిపితే నిండిన బ్యాటరీని కూడా రోజంతా తోస్తూనే ఉంటుంది, ఈ వేడిలో రెండు నెలలు అలా ఉంటే నీళ్లు ఇంకిపోతాయి. కంట్రోలర్‌కు మొదట బ్యాటరీ తీగలు, తర్వాత ప్యానెల్ తీగలు కలపాలి, విప్పేటప్పుడు దానికి తిరగేసి. బ్యాటరీ వోల్టేజిని చూసే కంట్రోలర్ తానేం చేయాలో నిర్ణయించుకుంటుంది. ప్యానెల్ ముందు కలిపితే కొన్ని రకాలు తప్పు లెక్క వేసుకుంటాయి, కొన్ని కాలిపోతాయి. పాజిటివ్ తీగలో బ్యాటరీకి దగ్గరగా 5 ఆంపియర్ల ఫ్యూజ్ వేయండి. పంపు తీగకు దాని సొంత ఫ్యూజ్ ఉండాలి. పది రోజులకోసారి ప్యానెల్ మీది ఉప్పు పొర మంచినీటితో కడగండి.

ఇంట్లో ఛార్జి పెట్టేటప్పుడు

బ్యాటరీ నిండే దశలో నీరు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది. నిండిన 12 వోల్టుల బ్యాటరీకి 10 ఆంపియర్లు ఇంకా పంపుతూ ఉంటే గంటకు సుమారు 25 లీటర్ల హైడ్రోజన్ పుడుతుంది. ఒక ఘనమీటరు గాలిలో 40 లీటర్లు కలిస్తే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. హైడ్రోజన్ తేలిక, పైకప్పు కింద చేరుతుంది. అందుకే మూసిన ఇంజిన్ గదిలో, వంటింట్లో, దీపం వెలిగే దేవుడి గదిలో ఛార్జి పెట్టకూడదు. పైన గాలి పోయే దారి ఉన్న వసారాలో పెట్టాలి.

ముందు మూతలు తీసి నీటి మట్టం చూడండి. ప్లేట్లు పైకి కనిపిస్తుంటే అవి మునిగేంత మాత్రమే డిస్టిల్డ్ వాటర్ పోయండి. గీత దాకా నింపడం ఛార్జి అయ్యాక చేయాల్సిన పని. ముందే నింపితే ఛార్జి ఎక్కేకొద్దీ యాసిడ్ ఉబ్బి మూతల్లోంచి పొర్లుతుంది. బోరు నీళ్లు, ఆర్వో నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు పోయవద్దు. ఏసీ నీళ్లు చూడటానికి శుద్ధంగానే ఉంటాయి కానీ రాగి గొట్టాలు, అల్యూమినియం రేకుల మీదుగా వచ్చినవి, ఆ లోహాలు ప్లేట్లకు చేటు. యాసిడ్ అసలే కలపకండి. ఆవిరయ్యేది నీరే గానీ యాసిడ్ కాదు.

స్విచ్ కట్టేసి ఉండగా ఎర్ర క్లిప్పు పాజిటివ్‌కు, నల్ల క్లిప్పు నెగటివ్‌కు తగిలించి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపి, ఐదు నిమిషాలాగి క్లిప్పులు తీయండి. ఛార్జర్ నడుస్తుండగా క్లిప్పు పీకితే నిప్పురవ్వ పుట్టి బ్యాటరీ పేలవచ్చు. కళ్లద్దాలు పెట్టుకోండి, పక్కన ఒక బిందె నీళ్లు ఉంచండి. యాసిడ్ కంట్లో పడితే రెప్ప తెరిచి 15 నిమిషాలు ఆగకుండా నీళ్లు పోస్తూ కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మే నెలలో పగలు కాకుండా రాత్రి ఛార్జి పెట్టడం మేలు. 27 డిగ్రీల దగ్గర 14.4 వోల్టులు కావాల్సిన బ్యాటరీకి 42 డిగ్రీల దగ్గర 14.0–14.1 సరిపోతుంది. ఉష్ణోగ్రత చూసుకునే తీగ లేని ఛార్జర్ పట్టపగలు కూడా 14.4 తోస్తూనే ఉంటుంది. బ్యాటరీ పక్కన చేయి ఆనించలేనంత వేడెక్కితే ఆపేసి చల్లారాక మళ్లీ మొదలుపెట్టండి.

24 వోల్టుల జత

పెద్ద ఇంజిన్లకు రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలుపుతారు. వైర్‌లెస్ సెట్టు, లైట్లు 12 వోల్టులవే కాబట్టి వాటి తీగను జతలో ఒక్క బ్యాటరీకే కలిపేస్తారు. సీజనంతా ఆ ఒక్కటే ఎక్కువ దిగుతుంది. డైనమో మాత్రం రెంటికీ ఒకేలా ఛార్జి పంపుతుంది. చివరికి ఒకటి ఎప్పుడూ అరకొరగా, మరొకటి ఎప్పుడూ పొంగుతూ ఉంటుంది. నిషేధ కాలంలో జత విప్పి దేనికదే 12 వోల్టుల ఛార్జర్‌తో ఎక్కించండి, నిండు అంకెలు విడివిడిగా రాసుకోండి. నిండాక కూడా రెంటి మధ్య 0.2 వోల్టు తేడా ఉంటే జత చెడినట్టే. ఒక్కటే కొత్తది వేస్తే పాతది దాన్నీ లాగుతుంది, రెండూ కలిపి మార్చాలి. 12 వోల్టుల పరికరాలకు 24 నుంచి 12కు తగ్గించే కన్వర్టర్ ఒకటి పెట్టిస్తే ఈ తంటా మళ్లీ రాదు.

మూత లేనివి, లిథియం

ఎస్ఎంఎఫ్ (నీళ్లు పోయనక్కర్లేని సీలు వేసిన) రకం తనంతట తాను దిగడం తక్కువ, నెలకోసారి ఛార్జి చాలు. నీళ్లు పోసే వీలు లేదు కాబట్టి 14.4 దాటనివ్వకూడదు. పైనున్న చిన్న గాజుకన్ను పచ్చగా ఉందని నమ్మకండి, అది ఆరు సెల్లలో ఒక్కదాని సంగతే చెబుతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు పద్ధతి పూర్తిగా తిరగబడుతుంది. దాన్ని నిండుగా ఉంచితేనే చేటు. సగం నుంచి 60 శాతం మధ్య, అంటే 13.1–13.2 వోల్టుల దగ్గర ఆపి, తీగలు విప్పి, చల్లని చోట పెట్టేస్తే 61 రోజులూ ముట్టుకోనక్కర్లేదు. లెడ్ యాసిడ్ ఛార్జర్‌లో ఉండే 15 వోల్టులు దాటే మరమ్మతు మోడ్ దానికి తగలనివ్వవద్దు.

మిషిగన్, మిన్నెసోటా సరస్సుల్లో పడవలున్న తెలుగువాళ్లకు శత్రువు వేడి కాదు, గడ్డకట్టడం. నిండుగా ఉన్న బ్యాటరీ మైనస్ 50 డిగ్రీల దాకా గడ్డకట్టదు, పూర్తిగా దిగినది మైనస్ 10 దగ్గరే గడ్డకట్టి పెట్టె పగులుతుంది. చలిలో తనంతట తాను దిగడం బాగా తక్కువ కాబట్టి నిండుగా ఛార్జి చేసి తీగలు విప్పితే రెండు నెలలకోసారి చూసుకుంటే చాలు. గడ్డకట్టినదాన్ని కరగకముందే ఛార్జి పెట్టకూడదు. లిథియంను సున్నా డిగ్రీల కింద అసలే ఛార్జి చేయకూడదు.

జూన్ 12 నుంచి

చివరి నిండు ఛార్జి చేసి ఒక రాత్రి వదిలి కొలవండి. ఏప్రిల్‌లో రాసుకున్న అంకెకు 0.1 వోల్టు లోపు ఉంటే పడవకు చేర్చండి. తీగల చివర్లు ఇసుకకాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, ఆపైన వాజలీన్ రాయండి. క్లాంపు దిగడం లేదని సుత్తితో కొట్టవద్దు, టెర్మినల్ మొదట్లో పగిలి యాసిడ్ పైకి ఊరుతుంది. క్లాంపు నోరు స్క్రూడ్రైవర్‌తో కాస్త విప్పితే సులువుగా దిగుతుంది.

తర్వాత ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మరొకరు మల్టీమీటర్ బ్యాటరీ బోల్టుల మీద పెట్టి చూడాలి. ఇంజిన్ తిరిగే ఆ కొద్ది సెకన్లలో 10 వోల్టుల పైన నిలిస్తే బ్యాటరీ గట్టిదే. 9.6 కిందికి జారితే ఈ సీజన్‌కు దాన్ని నమ్ముకుని సముద్రం మీదికి వెళ్లవద్దు. అదే బ్యాటరీ బోల్టుల మీద 11 ఉండి కూడా సెల్ఫ్ నీరసంగా తిరిగితే లోపం బ్యాటరీది కాదు, తీగలోనో క్లాంపులోనో ఉంది. సెల్ఫ్ కొడుతుండగా పాజిటివ్ తీగ రెండు చివర్ల మధ్య మీటర్ పెట్టి చూడండి. అర వోల్టు దాటితే ఆ తీగ లోపల చిలుము పట్టినట్టు, దాన్ని మార్చాలి.